ఆవిరి ఇంజను బాగుచేత: రెండు గోనెసంచుల ఇత్తడి నాకు తెచ్చిన అవమానం

పోయిన గురువారం సాయంత్రం ఇంజనుకు వేసిన ఆఖరి పూత ఆరింది. రంగు వాసన నా చొక్కాను ఇంకా వదలకముందే ఇది రాస్తున్నాను. నెల గడిస్తే నా కోపం చల్లారిపోతుంది, కోపంతో పాటు ఇతరులకు పనికివచ్చే సంగతులు కూడా సగం మరుగున పడిపోతాయి.

నేను 1971లో దొనకొండ మీటర్‌గేజి షెడ్డులో ఖలాసీగా చేరి, తర్వాత బాయిలర్ మేకర్‌నయ్యాను. నల్లమల దాటి వచ్చిన ఇంజను షెడ్డులోకి రాగానే, బొగ్గు మండే పెట్టె అయిన దాని ఫైర్‌బాక్సులో దూరి, స్టే బోల్టులను ఒక్కొక్కదాన్నీ సుత్తితో తట్టి చూడడం నా పని. లోపలి రేకునూ బయటి రేకునూ పట్టి ఉంచే ఆ బోల్టులు ఒక్కో ఇంజనుకు వందల కొద్దీ ఉంటాయి. బాగున్న బోల్టు ఖంగుమంటుంది, విరిగినది పగిలిన కుండలా పలుకుతుంది. ఆ మోతను పోల్చుకోవడంలో నా చెవి తప్పిన రోజు లేదని మా ఫోర్‌మన్ పదిమందిలో చెప్పేవారు. ఇప్పటికీ ఆ మాట నాకు గర్వకారణమే.

ఒంగోలు దగ్గర ఒక విద్యాసంస్థ ఆవరణలో చాలా ఏళ్ళుగా ఒక వైజీ ఇంజను దిమ్మె మీద నిలబడి ఉంది. మీటర్‌గేజి మీద గూడ్సు బళ్ళు లాగడానికి 1949 నుంచి 1972 వరకు తయారైన తరగతి అది. 1972లో చిత్తరంజన్ కర్మాగారం ఆవిరి ఇంజన్ల తయారీ ముగించింది కూడా వైజీతోనే. మాది జంషెడ్‌పూరులో టెల్కో వారు చేసినది. దాన్ని బాగుచేయమని ఆ సంస్థవారే నన్ను వెతుక్కుంటూ వచ్చారు. ఇంజను నేటికీ రైల్వే ఆస్తి కనుక రైల్వే నుంచి ఒక అనుమతి ఉత్తరం రాయించాలన్నారు, ఉత్తరం పదిహేను రోజుల్లో వచ్చింది. ఇద్దరు వెల్డింగు కుర్రాళ్ళు దొరికారు, పని మొదలైంది.

నిలబెట్టిన ఇంజనును చంపేది వాననీళ్ళు. చిమ్నీ నోరు తెరిచి ఉంటే వాన నేరుగా దాని కింద పొగ చేరే పెట్టె అయిన స్మోక్‌బాక్సులోకి దిగుతుంది. అక్కడ పాత బొగ్గు బూడిద ఉంటుంది, ఆ బూడిదలో గంధకం ఉంటుంది. నీళ్ళు తగిలిన బూడిద ఆమ్లమై అడుగు రేకును ఏళ్ళ తరబడి తినేస్తుంది. మా ఇంజను స్మోక్‌బాక్సు అడుగున నా అరచేయి పట్టేంత కంత పడింది. ఇంజను వెనక బొగ్గూ నీళ్ళూ మోసే టెండరు అడుగు ఇంకా అధ్వానం. డ్రెయిన్ ప్లగ్గును ఎవరో బిగించి వదిలేయడంతో ప్రతి వానాకాలం నీళ్ళు లోపలే నిలిచి, రేకు అప్పడంలా పొరలు లేచింది. దానికి తోడు మాది సముద్రపు ఉప్పుగాలి తగిలే చోటు. దిమ్మె మీద ఇంజను ఉన్నవారెవరైనా ముందు చిమ్నీకి మూత వేయించి, ప్లగ్గులన్నీ ఊడదీయండి, రంగు సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

ఇంకొక సంగతి. బాయిలరు మీది పలుచని రేకుల కింద వేడి పోకుండా చుట్టిన తెల్లటి పొర ఆ కాలంలో ఎక్కువగా ఆస్బెస్టాసే. మా రోజుల్లో దాన్ని ఉత్త చేతులతో చీల్చి వేసేవాళ్ళం, ఎవరూ మాకు చెప్పలేదు. కుర్రాళ్ళు దాన్ని పొడిగా గోకబోతే నేను అడ్డుపడి, బాగా తడిపించి, మాస్కులు కట్టించి, మందపాటి సంచుల్లో మూట కట్టించాను. ఊపిరితిత్తుల జబ్బుతో పోయిన నాతోటి వాళ్ళు నాకు గుర్తున్నారు. ఈ ఒక్క విషయంలో ఎవరి తొందరకూ లొంగవద్దు.

ఇక అసలు సంగతికి వస్తాను. డ్రైవరు నిలబడే క్యాబులో మిగిలిన ఇత్తడి సామాను ఈల, బాయిలరులోకి నీళ్ళు తోసే రెండు ఇంజెక్టర్లు, నీటిమట్టం చూపే గేజ్ గ్లాసు కుళాయిలు, నూనె పోసే లూబ్రికేటరు మాత్రమే. ఇవన్నీ పట్టేసి ఉన్నాయి. వాటిని అక్కడే సుత్తితో కొట్టి ఊడదీయబోతే పగులుతాయి. లేత్ షాపులో కిరసనాయిలులో నానబెట్టి, నిదానంగా వేడిచేసి విప్పాలి. సంస్థ తరఫున పని చూస్తున్న పెద్దమనిషి సరేనన్నారు. ఆయన మాటే నాకు అనుమతి అనుకున్నాను. రెండు గోనెసంచుల్లో సామాను కట్టి, మా మేనల్లుడి ఆటోలో పెట్టుకుని ఉదయం పదకొండు గంటలకు గేటు దగ్గరికి వచ్చాను.

సరిగ్గా ఆ వారమే ఆ పెద్దమనిషికి బదిలీ అయింది. గేటు దగ్గర కొత్త కాపలావాళ్ళు. సంచి మూతి విప్పి చూశారు, ఇత్తడి మెరిసింది. గేటు మూసేసి ఫోను చేశారు. గంటలోపు ఒక కార్యాలయం నుంచి మనుషులు వచ్చి నన్నూ, మేనల్లుణ్ణీ, ఆటోనూ తీసుకుపోయారు. ఏ కార్యాలయమో రాయను.

అక్కడి అధికారి కుర్చీలోంచి లేవకుండానే నన్నడిగిన మొదటి మాట ఇది: "ఏం పెద్దాయనా, ఇత్తడి కేజీ ఎంత పలుకుతోంది ఇప్పుడు?"

నేను నా పింఛను కార్డు చూపించాను, దొనకొండ షెడ్డు పేరు చెప్పాను. "షెడ్డులో పనిచేసినోళ్ళకే బాగా తెలుస్తుంది ఏది ఎక్కడుందో," అన్నారు. నాకు నోట మాట రాలేదు. 1966 నాటి రైల్వే ఆస్తి చట్టాన్ని చదివి వినిపించారు: రైల్వే సామాను ఎవరి దగ్గర దొరికితే అది తనకు సక్రమంగానే వచ్చిందని వాళ్ళే నిరూపించుకోవాలి, లేకపోతే అయిదేళ్ళ దాకా జైలు. చట్టం మీద నాకు ఫిర్యాదు లేదు. రైలు పట్టాల పక్కన బతికినవాడిగా దొంగతనాలు ఎంత నష్టం చేస్తాయో నాకు తెలుసు. 1855లో లీడ్స్‌లో తయారై, 1997లో చెన్నైలోని పెరంబూరు రైల్వే కర్మాగారం పనివాళ్ళ చేతుల మీదుగా మళ్ళీ పట్టాలెక్కిన ఫెయిరీ క్వీన్ అంతటి ఇంజనుకే విడిభాగాల దొంగల బెడద తప్పలేదు. దాన్ని మళ్ళీ పెరంబూరుకే తీసుకెళ్ళి బాగుచేయవలసి వచ్చింది. కనుక సంచి విప్పి చూడడం తప్పని నేను అనను. నన్ను సాయంత్రం ఏడు వరకు ఆ సంచుల పక్కన నేల మీద కూర్చోబెట్టడం తప్పు. సంచులు నా ముందు పెట్టి, ఈలను నా చేతికిచ్చి ఫోటో తీయడం తప్పు. ఆ ఫోటో చీకటి పడకముందే కందుకూరులో ఉన్న మా అమ్మాయి ఫోనుకు చేరింది. ఆమె ఏడుస్తూ ఫోను చేసినప్పుడు దానికి జవాబిచ్చే అనుమతి కూడా నాకు లేదు.

ఆ ఫోటోలో నా చేతిలో ఉన్న ఈల గురించి చెప్పాలి. దాని కప్పు అంచున గోటితో గీసినట్టు సన్నటి చార ఉంది, లోపల పాత ఆవిరి మరకలు పచ్చగా పట్టాయి. నేను దాన్ని రెండు చేతులా పట్టుకున్నాను, ఎందుకంటే అది నేల మీద పడితే అంచు సొట్టపోతుంది, అంచు సొట్టపోతే స్వరం పోతుంది. ఫోటోలో అది నేను దాన్ని దాచుకుంటున్నట్టు కనిపిస్తుంది.

అదే ఇంజను మీద పీడన మీటరు ఉండవలసిన చోట ఖాళీ కంత ఉంది. నంబరు పలక ఉండవలసిన చోట నాలుగు బోల్టు రంధ్రాలున్నాయి. నాకంటే చాలా ముందే వాటిని ఎవరో పట్టుకుపోయారు. వాటి గురించి ఫిర్యాదు కాగితం ఏదైనా ఉందా అని నేనడిగాను. లేదన్నారు. దొంగిలించినవాడి కోసం ఒక్క కాగితం రాయనివాళ్ళు, తుప్పు వదిలించడానికి తీసుకెళ్ళినవాడి మీద ఆరు కాగితాలు రాశారు.

రాత్రికి ఒక హామీపత్రం రాయించుకుని మమ్మల్ని వదిలారు. మర్నాడు మధ్యాహ్నం మా ఉత్తరం దొరికింది. బదిలీ అయిన పెద్దమనిషి బీరువాలో, కరెంటు బిల్లుల అడుగున ఉందట. ఉత్తరం దొరికినా సామాను తిరిగి రావడానికి ఇరవై మూడు రోజులు పట్టింది. ఎవరూ క్షమించమని అనలేదు. నేను అడగలేదు కూడా.

ఇలాంటి పనికి పూనుకునేవారు నా మాట వినండి. ఒక్క మర విప్పేముందు ప్రతి భాగం మీద కనబడని చోట ఉక్కు పంచ్‌తో నంబరు కొట్టండి. ఆ నంబర్లతో జాబితా మూడు ప్రతులు రాసి, మూడింటి మీదా సంతకాలు తీసుకుని, ఒకటి గేటు దగ్గరే ఉంచండి. బయటికి వెళ్ళే ప్రతిసారీ, ఒక్క బోల్టు కోసమైనా సరే, ఆ రోజు తేదీతో గేటు పాసు రాయించండి. ఎంత మంచి మనిషి నోటిమాటగా సరేనన్నా కదలవద్దు. ఆయన మంచితనం ఆయనతోనే బదిలీ అయిపోతుంది.

తిరిగొచ్చిన సంచుల్లో ఒక ఇంజెక్టరు తేలిగ్గా అనిపించింది. విప్పి చూస్తే లోపల గరాటులా ఉండే ఆవిరి కోను లేదు. ఇంజెక్టరంటే తెలియనివారికి రెండు మాటలు: బాయిలరులోంచి వచ్చిన ఆవిరి సన్నని కోనులోంచి మహా వేగంతో దూకి, ఎదురైన చల్లని నీటిలో కలిసి నీరైపోతూ, తన వేగాన్ని ఆ నీటికిస్తుంది. ఆ వేగమే డెలివరీ కోనులో ఒత్తిడిగా మారి, చదరపు అంగుళానికి 210 పౌన్ల ఒత్తిడి ఉన్న అదే బాయిలరులోకి నీటిని తోస్తుంది. తిరిగే భాగం ఒక్కటీ లేకుండా ఇంత పని చేసే సాధనాన్ని నేను మరెక్కడా చూడలేదు. కోను లేకపోతే అది ఉత్త గొట్టం.

"ఇది లోపలుండేది కదా మేస్త్రీ, ఎవరికి కనబడుద్ది? ఎందుకింత కష్టం?" అని లేత్ షాపు అబ్బాయి అడిగాడు. రెండో ఇంజెక్టరు కోను కొలతలు తీసి, కొత్త ఇత్తడి కడ్డీ కొని, అతని పక్కనే నిలబడి రెండు రోజులు చేయించాను. మొదటిది వంపు సరిగ్గా రాలేదు, పక్కన పడేశాం. రెండోది సరిగ్గా కుదిరింది.

మిగిలినదంతా సాఫీగా జరిగింది. స్మోక్‌బాక్సు అడుగుకు కొత్త రేకు పడింది, రెడ్ ఆక్సైడు మీద నల్లరంగు రెండు పూతలు పడ్డాయి. కనెక్టింగు రాడ్లకు రంగు వేయనివ్వలేదు, రుద్ది మెరిపించి గ్రీజు పట్టించాం. ఈ ఇంజను మళ్ళీ నడవదు. నడవాలంటే ట్యూబులన్నీ మార్చాలి, బాయిలరుకు నీటి ఒత్తిడి పరీక్ష చేయించాలి, అది మా స్తోమతకు మించిన పని.

కానీ శుక్రవారం ఉదయం పంక్చర్లు వేసే అతని కంప్రెసరు తెప్పించి, గొట్టాన్ని ఈలకు బిగించి ఊదించాం. మోగింది. ఆవిరితో మోగినప్పటి కంటే స్వరం కిందికి ఉంది, చల్లగాలిలో శబ్దం ఆవిరిలో కన్నా నెమ్మదిగా ప్రయాణించడం దానికి కారణం. కుర్రాళ్ళకు ఆ తేడా తెలియలేదు, నాకు తెలిసింది. మా మేనల్లుడు దాన్ని రికార్డు చేసి కందుకూరుకు పంపాడు.

చిమ్నీ మూత కూడా నిన్ననే బిగించాం. దానికీ నంబరు కొట్టాను, జాబితాలో అది నలభై ఒకటి.