కాపడం ఎంత వేడి, ఐసు ఎంతసేపు

నడుం పట్టేసిందనగానే ఇంట్లో ఎవరో ఒకరు అంటారు: "బాగా కాలేట్టు పెట్టు, అప్పుడే పట్టు వదుల్తుంది." కాపడంతో వచ్చే బొబ్బలు చాలావరకు ఈ మాట పుణ్యమే.

చర్మం కాలడానికి మరిగే నీళ్లు అక్కర్లేదు. 60 డిగ్రీల (సెల్సియస్) నీళ్లకు 5 సెకన్లు చాలు. 49 డిగ్రీలయితే సుమారు 10 నిమిషాలు పడుతుంది. 44 డిగ్రీలు చేతికి హాయిగానే ఉంటుంది, కానీ ఆరు గంటలు ఒకేచోట ఆనుకుని ఉంటే అదీ కాలుస్తుంది. మారిట్జ్, హెన్రిక్స్ అనే అమెరికా పరిశోధకులు 1947లో తేల్చిన లెక్కలివి. వేడినీళ్ల సంచిని నడుం కింద పెట్టుకుని నిద్రపోయినవాళ్లకు తెల్లారేసరికి బొబ్బ ఎందుకు లేస్తుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. మరి పనిచేసే వేడి ఎంత? నెలసరి నొప్పి మీద 2001లో అచ్చయిన ఒక పరిశోధనలో పొత్తికడుపు మీద 39 డిగ్రీల పట్టీని రోజుకు 12 గంటల చొప్పున ఉంచితే, ఇబుప్రోఫెన్ అనే నొప్పి మాత్రలకు దీటుగా పనిచేసింది. 39 అంటే ఫారన్‌హీట్‌లో 102 జ్వరం వచ్చిన ఒళ్లంత వేడి. అంతకంటే పెద్దగా అక్కర్లేదు.

ఉప్పు మూట చవక, పని కూడా బాగా చేస్తుంది. పావుకిలో రాళ్లుప్పు ఇనుప మూకుట్లో వేసి మధ్యస్థం మంట మీద నాలుగైదు నిమిషాలు కలుపుతూ వేయించండి. ఉప్పు గడ్డల లోపల చిక్కుకున్న నీరు ఆవిరై పగలడం వల్ల చిటపటలాడుతుంది, గింజలు ఎగిరి పడతాయి కూడా, కాబట్టి మొహం దూరంగా పెట్టండి. ఆ చప్పుడు తగ్గాక దించి, రెండు మూడు నిమిషాలు ఆగి మూట కట్టండి. పాత నూలు పంచె ముక్కను రెండు మడతలు వేస్తే సరిపోతుంది. పాలిస్టర్ చున్నీలో కడితే గుడ్డ కరిగి చర్మానికి అంటుకోవచ్చు. కట్టేటప్పుడు ఉప్పు వదులుగా ఉండాలి. బిగించి ఉండలా కడితే ఒక్కచోటే తగిలి అక్కడే కాలుతుంది. ముందు మీ ముంజేతి లోపలివైపు ఆనించి ఐదు లెక్కపెట్టండి. చురుక్కుమంటే ఇంకా ఆగాలి. ఒంటి మీద పెట్టి వదిలేయకుండా అద్ది తీస్తూ ఉండాలి. ఉప్పు నీళ్లలా వేడిని నిలబెట్టుకోలేదు, ఒక్కో గ్రాముకు చూస్తే నీళ్లలో ఐదో వంతే పట్టి ఉంచుతుంది. అందుకే పది నిమిషాల్లో చల్లారిపోతుంది. చల్లారిందని మళ్లీ మళ్లీ వేయిస్తూ పోతే మూట చేతి అంచనాకు అందకుండా వేడెక్కుతుంది, అక్కడే పొరపాటు జరుగుతుంది. రెండు మార్లు చాలు.

షుగరు ఉన్నవాళ్ల పాదాలకు మాత్రం ఈ కాపడం వద్దు. పాదాలు తిమ్మిరెక్కి, మండుతున్నట్టు, చల్లబడినట్టు అనిపించేది నరాలు దెబ్బతిన్నందువల్ల. ఆ నరాలే వేడిని కనిపెట్టాల్సినవి. కాలుతున్నా తెలియదు, తెల్లారి సాక్సు విప్పితే బొబ్బ కనపడుతుంది, ఆ పుండు నెలల తరబడి మానదు. చలేస్తే నూలు సాక్సులు వేసుకోండి. వేడినీళ్లలో కాళ్లు పెట్టాలన్నా ముందు ఇంట్లో ఇంకొకరి మోచేతితో చూడాలి.

ఇక చల్లదనం. డీప్ ఫ్రిజ్‌లోంచి తీసిన జెల్ ప్యాక్ సున్నాకి 15, 18 డిగ్రీల కింద ఉంటుంది. నేరుగా చర్మం మీద పెడితే మంచు కాటు వేస్తుంది. దాని బదులు ఐసు ముక్కలు నలగ్గొట్టి, అరగ్లాసు నీళ్లు పోసి, కవరులో మూతి కట్టండి. కరుగుతున్న ఐసు సున్నా డిగ్రీల దగ్గరే నిలబడుతుంది, ఇంకా కిందికి దిగదు. పైగా కీలు ఆకారానికి ఒదుగుతుంది. మధ్యలో పల్చటి తడిగుడ్డ ఉంచండి. పొడి తువ్వాలు చుడితే చలి లోపలికి దిగదు. 10 నుంచి 15 నిమిషాలు, మళ్లీ పెట్టాలంటే కనీసం రెండు గంటల ఎడం. ముందు చల్లగా, తర్వాత మంటగా, ఆపైన సలుపుగా ఉండి చివరికి మొద్దుబారుతుంది. మొద్దుబారగానే తీసేయాలి. మోచేయి లోపలివైపు ఎముక వెనక, మోకాలి బయటి పక్కన కిందగా నరం చర్మానికి బాగా దగ్గరగా ఉంటుంది. అక్కడ ఎక్కువసేపు ఉంచితే చేతివేళ్లో పాదమో కొన్నాళ్లు పట్టు తప్పే ప్రమాదం ఉంది.

చీలమండ బెణికితే మొదటి రెండు మూడు రోజులు కాపడం, మర్దన రెండూ వద్దు. వాచినచోట వేడి పెడితే వాపు పెరుగుతుంది. ఐసు నొప్పికే. 1978లో "విశ్రాంతి, ఐసు, కట్టు, ఎత్తు" సూత్రం చెప్పిన అమెరికా వైద్యుడు గేబ్ మిర్కిన్ 2014లో తానే మాట మార్చుకుని, ఎక్కువసేపు ఐసు పెడితే మానడం ఆలస్యం కావచ్చన్నాడు. కాబట్టి మొదటిరోజు నాలుగైదుసార్లు పెడితే చాలు, వారమంతా ఐసు కట్టుకు తిరగక్కర్లేదు. పాదం నేల మీద మోపి నాలుగడుగులు వేయలేకపోతే బెణుకేనని సరిపెట్టుకోకుండా ఎక్స్‌రే తీయించండి.

జ్వరానికి నుదుటి మీద తడిగుడ్డ హాయి కోసమే. ఐసునీళ్లతో తుడిస్తే వణుకు పుట్టి, ఆ వణుకే ఒంట్లో వేడి పెంచుతుంది. వడదెబ్బ సంగతి వేరు. రోహిణి కార్తె ఎండలో పనిచేసి మాట తడబడుతున్న మనిషికి గోరువెచ్చని నీళ్ల మర్యాద పనికిరాదు. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా చల్లటి నీళ్లు పోస్తూ ఫ్యాను పెట్టి 108కి ఫోన్ చేయాలి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో నీళ్లు పోయకూడదు.

ఏ నొప్పో తెలియని కడుపునొప్పికి, ముఖ్యంగా కుడివైపు కిందగా ఉండి జ్వరం తగిలితే, కాపడం పెట్టకండి. ఒక్క పిక్కే వాచి నొప్పెడుతున్నా అంతే, అది రక్తం గడ్డ కావచ్చు. జిల్లేడాకు వేడిచేసి కట్టడం చాలా ఊళ్లలో ఉంది. ఆ పాలు కంట్లో పడితే నల్లగుడ్డు దెబ్బతింటుంది, ఆముదపాకుతో సరిపెట్టుకోండి.

వేడినీళ్ల సంచి వాడేవాళ్లు మరిగిన నీళ్లు సగం, కుళాయి నీళ్లు సగం కలపండి, అరవై డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. సంచిలో మూడింట రెండొంతులే పోసి, బల్ల మీద పడుకోబెట్టి మెడ పైకెత్తి, నీళ్లు అంచుకు కనపడేదాకా గాలి వొత్తి బయటికి పంపి బిరడా తిప్పండి. గాలి ఉంటే సంచి ఉబ్బి, మీద బరువు పడగానే చిట్లుతుంది. తలకిందులు చేసి కారడం లేదని చూశాక మందపాటి తువ్వాలు రెండు పొరలు చుట్టి 20 నిమిషాలు ఉంచండి, దాని మీద మాత్రం పడుకోవద్దు. వాడాక నీళ్లు వంపి, బిరడా తీసి, మూతి కిందికి వేలాడదీసి ఆరనివ్వాలి. ఆరాక కాస్త గాలి ఊది మూత పెడితే లోపలి రబ్బరు ఒకదానికొకటి అతుక్కోదు. నెలకోసారి అడుగు అంచును వేళ్లతో మడిచి చూడండి. సన్నటి పగుళ్లు కనపడితే, మెడ దగ్గర వాషరు గట్టిపడితే, ఆ సంచిని పారేయాల్సిందే.