నో నాటకం నేర్చుకుంటూ స్టేజీ మీద పడ్డాను (నా అనుభవం)

నిన్ననే మా క్లాస్ వాళ్ళ ప్రదర్శన అయింది. మోకాలు ఇంకా నీలంగానే ఉంది, ఆ కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

జపాన్‌లోని క్యోటోలో ఉద్యోగం, వారానికో గంట నో క్లాసు, ఏడాదిన్నరగా. నో అంటే పాటా, ఆటా కలిసిన ఇక్కడి పాతకాలపు నాటకం. చేరడం తేలికే. ఇంటికి ఫోన్ చేస్తే అందరూ కబుకీయేనా (అది జపాన్‌లో ఇంకో రకం నాటకం) అంటారు, కాదండీ బాబూ, నో దానికంటే రెండొందల ఏళ్ళ పైనే పాతది, 14వ శతాబ్దంలో కన్నామి, ఆయన కొడుకు జెయామి తీర్చిదిద్దింది. ముఖ్యపాత్ర వేసేవాళ్ళకి ఐదు సంప్రదాయాలు, మాది కన్జే.

పాట పర్లేదు. పుస్తకంలో అక్షరాల పక్కన నువ్వు గింజల్లాంటి గుర్తులుంటాయి, వాటి పేరు కూడా నువ్వులే, గోమా అంటారు.

నడక దగ్గర పొగరు దిగింది. చిన్నప్పుడు విజయవాడలో ఆరేళ్ళు కూచిపూడి నేర్చుకున్నా, మోకాళ్ళు వంచి నిలబడటం నాకొకళ్ళు చెప్పాలా అనుకున్నా. ఇక్కడ అరికాలు నేలని వదలకుండా జరపాలి, చివర్లో వేళ్ళు మాత్రం కాస్త లేచి దిగాలి, నడుము పైన ఏదీ కదలకూడదు. మూడు నెలలు గురువుగారి నోట ఒకటే మాట, "తల ఊగుతోంది".

సరే నిన్నటి సంగతి. మాస్కు, వేషం లేకుండా హకామా (కుచ్చిళ్ళున్న వదులు పాంటులాంటిది) కట్టుకుని చేసే చిన్న ముక్క నాది, మూడు నిమిషాలు కూడా ఉండదు. కానీ అంతకుముందు వేరేవాళ్ళ ముక్కలకి కోరస్‌లో మడమల మీద కూర్చుని పాడాలి, వరసగా మూడు. మూడోది అయ్యేసరికి నాకు కాళ్ళున్నాయన్న సంగతే తెలీట్లేదు. నా వంతు వచ్చింది, ఎలాగో మధ్యకి చేరి మోకాలి మీద కూర్చుని మొదటి లైను ఎత్తుకున్నా, లేచా, ఎడమ పాదం మడతపడి దబ్బున పడ్డా. పాత స్టేజీల కింద, కాలు తడితే మోగాలని పెద్ద కుండలు పెట్టేవాళ్ళు. దీని కింద ఉన్నాయో లేదో గానీ నా మోకాలు మాత్రం బ్రహ్మాండంగా మోగింది. విసనకర్ర జారుకుంటూ ముందు స్తంభం దాకా పోయింది, మాస్కు వేసుకున్నవాళ్ళు ఎక్కడున్నారో తెలియడానికి చూసుకునే స్తంభమే అది. కోరస్ ఆపలేదు. ఒక్కరూ నవ్వలేదు, నవ్వినా బావుండేది. వెనక సహాయకుడిగా కూర్చున్న గురువుగారు మెల్లగా లేచి, అదే జారుడు నడకతో వెళ్ళి విసనకర్ర తెచ్చి నా చేతిలో పెట్టి మళ్ళీ వెళ్ళి కూర్చున్నారు. ఆయన తల ఊగలేదు.

చేరేవాళ్ళకి ఒకటే చెప్తా, ప్రదర్శనకి విడిగా ఎంత కట్టాలో మొదటిరోజే అడగండి, సిగ్గుపడకండి. నాకు నెల ముందు చెప్పారు, మూడు నెలల ఫీజంత. ఇక్కడ చాలామంది కళాకారులకి మనలాంటి స్టూడెంట్ల డబ్బే ఆధారం, అది నాకూ తెలుసు, కానీ ముందే చెప్పొచ్చుగా.

తర్వాత లోపల, డెబ్భై దాటిన ఒక క్లాస్‌మేట్ బామ్మగారు నా పక్కన కూర్చుని చూపించారు, లేవడానికి కాసేపు ముందే కాలివేళ్ళు మడిచి వాటిమీద బరువేసి ఉంచాలట, రక్తం ఆడుతుందట. ఏడాదిన్నర పక్కపక్కనే కూర్చున్నాం బామ్మగారూ, నిన్న పొద్దున చెప్పినా సరిపోయేదిగా!