పాత 800 రిపేరు డైరీ: ఎవరో తీసి పారేసిన వాల్వు

బండి మారుతి 800, 2007 మోడల్, ఏపీ నంబరు. నేను నాలుగో ఓనర్‌ని. మీటరు 94,310 చూపిస్తోంది గానీ, క్లచ్ పెడల్ మీద అరిగిపోయిన రబ్బరు చూస్తే ఆ అంకె ఎప్పుడో ఒకసారి వెనక్కి తిరిగిందని నా అనుమానం. 58,000కి కొన్నాను. మా ఇంట్లో దాన్ని ఎవరూ కారు అనరు, "నీ డబ్బా" అంటారు. డాష్‌బోర్డు కింద ఇంటి గోడకు పెట్టే కాలింగ్ బెల్లు స్విచ్ ఒకటి బిగించి ఉంది. నొక్కితే ఏమీ జరగదు. ఎందుకు పెట్టారని అమ్మినాయన్ని అడిగితే, తను కొన్నప్పటికే ఉందన్నాడు.

కొన్న రెండో వారానికే టెంపరేచర్ ముల్లు ఎక్కడం మొదలైంది. షెడ్డుకు తీసుకెళ్తే మెకానిక్ బానెట్ ఎత్తి ఒక్క నిమిషం చూసి, "హెడ్ గ్యాస్కెట్ పోయింది సార్, పన్నెండు వేలు అయితది" అన్నాడు. బండి ధరలో ఐదో వంతు. ఆలోచించుకుని వస్తానని ఇంటికొచ్చేశాను. అప్పట్నుంచి నా ఆదివారాల లెక్క ఇది.

జనవరి, మూడో ఆదివారం

ముందు ఆ గ్యాస్కెట్ మాట నిజమో కాదో తేలాలి. ఇంజన్ బ్లాకుకీ, దాని మీదుండే హెడ్‌కీ మధ్య పెట్టే పల్చటి సీలు అది. అది పోతే కూలెంటు, అంటే ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం, ఆయిల్లో కలుస్తుంది, ఆయిల్ మూత లోపల మజ్జిగ మీగడలాంటి జిగురు కనిపిస్తుంది. చూశాను, లేదు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేస్తే బుడగలు ఆగకుండా రావాలి. రాలేదు. సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో తెల్ల పొగ రావాలి. అదీ లేదు. మూడూ లేనప్పుడు ఇంజన్ విప్పించడం దేనికి?

తర్వాత రెండు రకాల రోడ్ల మీద తిప్పి చూశాను. సాయంత్రం ఆరున్నరకి హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఈసీఐఎల్ నుంచి హబ్సిగూడ మీదుగా ఉప్పల్. పావుగంట పాకేసరికి ముల్లు ముప్పావు దాటింది. మర్నాడు తెల్లవారుజామున కీసర దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఎక్కి, ఎనభైలో పోయి ఘట్‌కేసర్‌లో దిగాను. ముల్లు సగానికి కూడా రాలేదు. వేగంగా పోతున్నప్పుడు గాలి దానంతటదే రేడియేటర్‌లోంచి దూరుతుంది. ఆగి ఉన్నప్పుడు ఫ్యానే దిక్కు. కాబట్టి ఫ్యాన్ చూడాలి. చూశాను, తిరుగుతోంది. తాళం తిప్పగానే మొదలై బండి ఆపేదాకా తిరుగుతూనే ఉంది.

ఇక్కడే పప్పులో కాలేశాను. తిరుగుతోంది కదా అని ఫ్యాన్‌ని వదిలేసి రేడియేటర్ మీద పడ్డాను.

జనవరి ఆఖరు

రేడియేటర్ కింది పైపు ఊడదీస్తే కూలెంటు రాలేదు. మిషన్ భగీరథ తవ్వకాల్లో వచ్చే నీళ్ళ రంగులో ఎర్రగా వచ్చింది. ఏళ్ళ తరబడి బోరు నీళ్ళే పోసినట్టున్నారు. మా కాలనీ బోరు నీళ్ళు కాస్తే గిన్నె అడుగున ఎంత సున్నం పేరుకుంటుందో చూస్తే చాలు, లోపల ఏముందో ఊహించుకోవచ్చు. ట్యాపుకు హోస్ పైపు తగిలించి, తేటగా వచ్చేదాకా రెండు వైపుల నుంచీ కడిగాను. కూలెంటు ఉన్న బండి అయితే దాన్ని మాత్రం వీధిలో వదలకూడదు. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, నాకితే చస్తాయి. తొట్టిలో పట్టుకోవాలి.

రేడియేటర్ మూత రబ్బరు కూడా పగిలి ఉంది. మూత మీద 0.9 అని ఉంటుంది, అంటే లోపల ఆ మాత్రం ప్రెషర్ పట్టి ఉంచాలి. అంత ప్రెషర్‌లో నీళ్ళు మరగడానికి సుమారు 118 డిగ్రీలు కావాలి. రబ్బరు పోతే వందకే మరిగి బయటికి పొంగిపోతాయి. కొత్త మూత 150 రూపాయలు.

పనిలో పనిగా థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాకే తెరుచుకుని నీళ్ళను రేడియేటర్‌కు వదిలే వాల్వు) కూడా చూద్దామని పై పైపు దగ్గరున్న మూతకు 12 పానా వేశాను. మొదటి బోల్టు వచ్చింది. రెండోది పావు చుట్టు తిరిగి, మెత్తగా అయి, టప్పుమని విరిగింది. ఆ "మెత్తదనం" చేతికి తెలిసిన క్షణంలో ఆపి ఉండాల్సింది. ఆపలేదు.

మూత పైకి లాగితే లోపల ఏమీ లేదు. వాల్వే లేదు! ఎవరో తీసి పారేసి ఖాళీ మూత బిగించేశారు.

మన దగ్గర ఇది మామూలే. వాల్వు మూసుకుపోయి ఇరుక్కుంటే బండి వేడెక్కుతుంది. రోడ్డు మీద దాన్ని పీకేస్తే ఆ పూటకు ఇల్లు చేరతాం. అక్కడితో ఆగి కొత్తది వేస్తే సరే. వెయ్యరు. వాల్వు లేకపోతే ఇంజన్‌కు వేడి ఎక్కడానికి చాలాసేపు పడుతుంది. వేడెక్కలేదు కాబట్టి ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పంపిస్తూనే ఉంటుంది. నాకు లీటరుకు 13 కిలోమీటర్లే ఎందుకొస్తోందో అప్పుడర్థమైంది.

విరిగిన బోల్టు ముక్క సెంటీమీటరు బయటికుంది. తుప్పు వదిలే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేశాను. పొద్దున వైస్ గ్రిప్‌తో పట్టుకుంటే జారిపోతోంది. పక్కింటి మామ గోడమీంచి చూస్తూ, "ఏందిరా, మళ్ళ ఇరగ్గొట్టినవా?" అన్నారు. ఆయన ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. "బలం పెట్టకు బిడ్డా, ఏడి పెట్టు" అన్నారు. పెట్రోలు పైపుల దగ్గర మంట పెట్టలేం కదా. మందపాటి గుడ్డ చుట్టి, మరిగే నీళ్ళు కొద్దికొద్దిగా పోశాం. హౌసింగు అల్యూమినియం, బోల్టు ఇనుము. వేడికి అల్యూమినియం ఎక్కువ వ్యాకోచిస్తుంది, పట్టు వదులవుతుంది. అటో పావు, ఇటో పావు, మళ్ళీ స్ప్రే. ఇరవై నిమిషాలకు కిర్రుమని కదిలింది. ఆ చప్పుడుకు నాకంటే మామే ఎక్కువ సంబరపడ్డారు. మరలు శుభ్రం చేయడానికి తన పెట్టెలోంచి మరలు కోసే ట్యాపు తెచ్చి, తనే తిప్పారు. నా చేతికి ఇవ్వలేదు.

ఫిబ్రవరి, మొదటి వారం

రాణిగంజ్ వెళ్ళాను. ఈ 800 హైదరాబాద్‌లో కొత్తది అమ్మడం 2010లోనే ఆగిపోయింది, తయారీ 2014 జనవరిలో ఆగింది. అయినా పార్టులకు కొరత లేదు. ఆమ్నీ వ్యాన్‌లో ఉన్నదీ ఇదే మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజనే, అది ఇంకా చాలా ఏళ్ళు వచ్చింది. కౌంటర్ వెనకాయన తల ఎత్తకుండానే "ఒరిజినల్ కావాల్నా, లోకల్ కావాల్నా భాయ్?" అన్నాడు. ఒరిజినల్ థర్మోస్టాట్, గ్యాస్కెట్ కలిపి 420. పాత పార్టు చేతిలో పట్టుకుని వెళ్ళడం నా పద్ధతి. ఈసారి చూపించడానికి పాతదే లేదు.

కొత్తదైనా పరీక్షించకుండా వెయ్యొద్దని మామ చెప్పారు. వాల్వు మీద 82 అని చెక్కి ఉంది. గిన్నెలో నీళ్ళు పోసి, వాల్వును దారానికి కట్టి అడుగు తగలకుండా వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి స్టవ్ వెలిగించాను. 80 దాకా కదల్లేదు. 83 దగ్గర సన్నగా సందు తెరుచుకుంది, 95కి బాగా నోరు తెరిచింది. స్టవ్ ఆపితే మళ్ళీ మూసుకుంది. లోపలి మైనం కరిగి ఉబ్బి తోస్తుంది, అంతే దాని కథ. ఈ ముచ్చట చూడమని అమ్మని పిలిచాను. "ఆ గిన్నెలో మళ్ళీ పాలు కాచమంటావా?" అంది. ఆ గిన్నె ఇప్పుడు నా టూల్‌బాక్స్‌లో ఉంటోంది.

బిగించేటప్పుడు వాల్వు అంచున ఉన్న చిన్న రంధ్రం పైవైపు ఉండాలి. లోపలి గాలి అందులోంచే పోతుంది. కూలెంటు, డిస్టిల్డ్ వాటరు సగం సగం కలిపి పోశాను, మూడున్నర లీటర్లు పట్టింది. మూత తీసే ఉంచి, హీటర్ నాబ్ వేడివైపు తిప్పి, ఇంజన్ నడుస్తుంటే పై పైపును చేత్తో పిసుకుతూ ఉంటే బుడగలు వస్తాయి. బుడగలు ఆగి మట్టం నిలబడ్డాక మూత పెట్టాలి.

ఎంతో ధీమాగా ఉప్పల్ వైపు తీశాను. హబ్సిగూడ సిగ్నల్ దగ్గర ముల్లు మళ్ళీ ముప్పావు.

ఫిబ్రవరి, మూడో ఆదివారం

వారం రోజులు బండి మొహం చూడలేదు. తర్వాత మామే వచ్చి, "ఫ్యాన్ ఎట్ల తిరుగుతున్నది, చూసినవా?" అన్నారు. తిరుగుతోంది మామా అన్నాను. "తిరుగుడు కాదు, ఎట్ల తిరుగుతున్నది?" అన్నారు.

కోఠి గుజరాతీ గల్లీలో కొన్న 350 రూపాయల మల్టీమీటర్ తీశాను. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు. ఫ్యాన్ కనెక్టర్ దగ్గర 10.9. దారిలో 2.9 వోల్టులు మాయం. ఎక్కడ పోయాయో తేల్చడం తేలికే. బ్యాటరీ ప్లస్‌కీ ఫ్యాన్ ప్లస్‌కీ మధ్య పెడితే 1.2. ఫ్యాన్ మైనస్‌కీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య పెడితే 1.7. సరిగ్గా ఉన్న లైన్‌లో ఇవి రెండూ కలిపినా అర వోల్టు దాటకూడదు. ఫ్యాన్ తిరుగుతోంది, కానీ నీరసంగా. పక్కన సరిగ్గా తిరిగే ఫ్యాన్ ఉంటే తప్ప కంటికి ఆ తేడా తెలియదు.

వైరు వెంట పోతే అసలు సంగతి బయటపడింది. ఫ్యాన్ రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్, ఉండాల్సిన సాకెట్ ఖాళీ. అక్కడి కనెక్టర్ పిన్నులకు పచ్చగా చిలుము పట్టింది. అది తుడిచే ఓపిక లేక ఎవరో ఇగ్నిషన్ లైన్ నుంచి ఫ్యాన్‌కు డైరెక్ట్ వైరు లాగేశారు. ఆ వైరు ఏది? స్పీకర్లకు వేసే ఎరుపు నలుపు సన్న వైరు! ఫ్యూజు కూడా లేదు. పై తొడుగు కాలి అప్పడంలా పెళుసెక్కింది. ఇన్నాళ్ళూ నిప్పు అంటుకోకపోవడం నా అదృష్టం. ఎర్తు వైరు బ్యాటరీ ట్రే కింద బాడీకి బిగించి ఉంది, ఆసిడ్ పడి ఆ బోల్టు తెల్లగా పూతపట్టింది.

బ్యాటరీ మైనస్ ముందు ఊడదీశాను, ఏ వైరింగ్ పనికైనా అది తప్పదు. ట్రే కింద వైర్ బ్రష్‌తో రేకు మెరిసేదాకా గీకి, కొత్త లగ్గు వేసి, బిగించాక పైన గ్రీజు పూశాను. కొత్త వైరు ఇంట్లో మిగిలిన కరెంటు వైరు వేద్దామనుకుంటే మామ ఒప్పుకోలేదు. గట్టి ఒంటితీగ బండి అదురుకు విరిగిపోతుంది, సన్న తీగల పేట ఉన్న ఆటో వైరే వాడాలి అన్నారు. కొత్త రిలేకు నాలుగు కాళ్ళు. 85, 86 కాయిల్‌వి, 30 నుంచి 87కి ఫ్యాన్ కరెంటు. డైరెక్ట్ వైరు మొత్తం పీకేసి, పిన్నుల చిలుము గీకి, ఫ్యూజుతో సహా లైను మళ్ళీ కంపెనీ ఇచ్చినట్టు కలిపాను.

స్టార్ట్ చేస్తే ఫ్యాన్ తిరగలేదు. గుండె జారింది. మామ బీడీ వెలిగించి "ఆగు" అన్నారు. ముల్లు సగం దాటింది. రిలే టిక్కుమంది, ఫ్యాన్ భుయ్యిమని లేచింది. ఆ గాలి విసురు ముందెప్పుడూ నాకు తగల్లేదు. రెండు నిమిషాలకు దానంతటదే ఆగింది. మీటర్ పెడితే ఫ్యాన్ దగ్గర 13.4.

మార్చి

ఇంజన్ పైన ఆయిల్ కారుతున్న ట్యాపెట్ కవర్ గ్యాస్కెట్ మార్చాను, 220. పాతదాని మీద బాండు పేస్టు రొట్టెకు వెన్న రాసినట్టు రాశారు, గీకడానికే గంట పట్టింది. కొత్తది ఒట్టిగానే వేసి, మధ్య నుంచి అంచులకు కొద్దికొద్దిగా బిగించాను. కారడం ఆగింది.

ముందు బ్రేక్ ప్యాడ్లు 750. ప్యాడ్లు మార్చడం కష్టం కాదు. ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్ జారే పిన్నులు పట్టేసి ఉన్నాయి, అందుకే లోపలి ప్యాడ్ ఒక్కటే రేకు దాకా అరిగింది. ఈ పనికి ముందు 1,600 పెట్టి జాకీ స్టాండ్లు కొన్నాను. ఒట్టి జాకీని నమ్మి బండి కిందికి దూరను. ఇటుకల మీద నిలబెట్టి దూరేవాళ్ళని చూశాను, చూడలేక ఇవతలికి వచ్చేశాను. తీసిన చక్రాన్ని కూడా బాడీ కింద పడుకోబెడతాను, స్టాండు జారినా ఆ సందు మిగులుతుంది.

బ్రేకు పైపుల్లో చేరిన గాలి తీయడానికి మా బామ్మర్దిని పెడల్ మీద కూర్చోబెట్టాను. "తొక్కు, పట్టు, వదలకు" అంటే వదిలేస్తాడు. చక్రం దగ్గర గాలి వదిలే నిప్పిల్ బిగించేలోగా గాలి మళ్ళీ లోపలికి. చివరికి తొక్కినప్పుడల్లా గట్టిగా "పట్టిన బావా" అని అరవమన్నాను, అప్పుడు కుదిరింది. వెనక చక్రాలు ముందు, డ్రైవర్ పక్క ముందు చక్రం ఆఖర్న. బ్రేక్ ఆయిల్ పెయింటు తినేస్తుంది, ఒక చుక్క పడి బానెట్ అంచున రూపాయి బిళ్ళంత మచ్చ చేసింది.

ఏప్రిల్, రెండో ఆదివారం

మధ్యాహ్నం రెండున్నరకి, ఎండ మాడ్చేస్తుంటే, ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర కావాలనే ఇరుక్కున్నాను. ముల్లు సగం దగ్గర కూర్చుంది, కదల్లేదు. నేను కరిగిపోయాను గానీ బండి కరగలేదు. ఏసీ లేదు. గ్యాసు పని ఇంట్లో చేసేది కాదు, దాని జోలికి పోను. మైలేజీ రెండు ట్యాంకుల మీద లెక్కేస్తే 16. పెట్రోలు 107 దాటిన ఊళ్ళో ఆ మూడు కిలోమీటర్లు చిన్నవేం కాదు.

పార్టులు, కూలెంటు అన్నీ కలిపి 2,980. పనిముట్లు 3,400, అవే ఎక్కువ తిన్నాయి. ఈ లెక్క మా ఆవిడకు చూపించేటప్పుడు మొదటి అంకె ఒక్కటే చూపించాను.

రాత్రి పదింటికి బండి లోపల పెడుతుంటే మా వాడు ముందు సీట్లో కూర్చుని ఆ కాలింగ్ బెల్లు స్విచ్ నొక్కాడు. సందంతా దద్దరిల్లేలా లారీ హారన్ మోగింది. బంపర్ వెనక టార్చి వేసి చూస్తే రెండు గొట్టాల హారన్ ఒకటి మట్టి పట్టి కూర్చుంది. దాని ఎర్తు కూడా నేను గీకి శుభ్రం చేసిన ఆ బోల్టుకే. మామ గోడమీంచి తొంగి చూసి, "అదొక్కటీ ఖరాబున్నప్పుడే మంచిగుండె" అన్నారు.