మాంటూ గడ్డ

టీబీ క్రిమి ప్రోటీన్‌ని చర్మంలోకి సూదితో ఎక్కించి, గడ్డ లేస్తుందేమో చూసేది మాంటూ పరీక్ష. డాక్టరు మా మేనల్లుడి ముంజేతి మీద లేచిన గడ్డకి పెన్నుతో అటొక గీత, ఇటొక గీత గీసి మధ్యలో స్కేలు పెట్టాడు. 12 మిల్లీమీటర్లు. ఎరుపంతా లెక్కలోకి రాదంట, వేలికి గట్టిగా తగిలినంత మేరే కొలుస్తారంట.

అక్కకి టెన్షన్. "టీబీనా సార్?"

"అప్పుడే అనుకోవద్దమ్మా. ఆ క్రిమి వీడి ఒంటికి ఎప్పుడో పరిచయమై ఉండొచ్చు, బీసీజీ టీకా వల్ల కూడా ఇట్లా రావచ్చు. ఎక్స్‌రే తీయించుకుని రండి."

కావలి నుంచి బస్సులో వస్తా ఉన్నంతసేపూ నాకు ఆ గడ్డ ఆలస్యంగా లేవడం మీదే ధ్యాస. సూది వేసిన రోజు చిన్న బొబ్బ లేచి కాసేపటికి పోయింది, అసలు గడ్డ 48 గంటలు దాటాక గానీ తేలలేదు. ఎందుకంటే క్రిమి ప్రోటీన్‌ని నేరుగా గుర్తుపట్టడం టి లింఫోసైటు (టి కణం అనే ఒక రకం తెల్ల రక్తకణం) వల్ల కాదు. ఇంకో కణం దాన్ని మింగి, ముక్కలు చేసి, ఒక ముక్కని హెచ్‌ఎల్‌ఏ అనే మన సొంత ప్రోటీన్‌లో ఇరికించి పైకి తెచ్చి చూపించాలి, పాత జ్ఞాపకమున్న టి కణాలు రక్తంలోంచి అక్కడికి చేరాలి, మిగతా కణాలని పిలవాలి. మన ఆఫీసుల్లో ఫైలు కదిలినట్టే!

సొంత ప్రోటీన్‌తో కలిపి చూపిస్తేనే టి కణం గుర్తుపడుతుందని ఎలుకల మీద తేల్చింది జింకర్‌నాగెల్, డోహర్టీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు. అందుకు వాళ్ళకి 1996లో నోబెల్ వచ్చింది.

ఇంకో సంగతి, బాగా నీరసించిపోయిన పిల్లలకి టీబీ ఉన్నా గడ్డ లేవకపోవచ్చు. దగ్గు వదలకపోతే కఫం పరీక్ష కూడా చేయించండబ్బా.