ఎనుమాముల పత్తి, ఎక్కడి చొక్కా

వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌లో వ్యాపారి పత్తి బస్తాలోకి చెయ్యి దూర్చి, గుప్పెడు దూదిని పిండి చూసి, తేమ ఎంతో వేళ్లతోనే తేల్చేస్తాడు. ప్రభుత్వం తరఫున పత్తి కొనే భారత పత్తి సంస్థ (సీసీఐ) కేంద్రంలో ఆ పని మీటరు చేస్తుంది. 8 శాతం దాటితే మద్దతు ధరలో కోత పడుతుంది, 12 దాటితే అసలు కొనరు. జిన్నింగు మిల్లులో గింజ తీసి బేళ్లుగా మార్చిన ఆ పత్తిలో చాలా భాగం తమిళనాడు నూలు మిల్లులకు తరలిపోతుంది, ఆ తరువాతి కూలీ, లాభమూ అక్కడివే.

ఎప్పుడూ ఇలాగే లేదు. 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు వరంగల్‌లోనే నూలు వడికి బట్ట నేసింది, 2002లో మూతపడింది. ఆ తరువాత 2005 జనవరిలో, ప్రపంచ వస్త్ర వ్యాపారంలో ఏ దేశం ఎంత ఎగుమతి చేయాలో పరిమితం చేసిన కోటాలు పూర్తిగా తొలగిపోయాయి. ఆ పోటీలో, పత్తి సాగు నామమాత్రంగా ఉన్న బంగ్లాదేశ్ దుస్తుల ఎగుమతిలో మనల్ని దాటిపోవడానికి చవక కూలీ ఒక్కటే కారణమనడం తేలిక మాట. వెనుకబడిన దేశంగా ఐరోపా సమాఖ్యలో సుంకం లేకుండా అమ్ముకునే వీలు దానికి దక్కింది, మనకు దక్కలేదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఇలాంటి సుంకపు తేడా ఎంత బరువో మరోసారి తెలిసింది.

వరంగల్ దగ్గర గీసుగొండ, సంగెం మండలాల్లోని కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017లో శంకుస్థాపన జరిగింది. దుస్తులు కుట్టే కొరియా కంపెనీ యంగ్‌వన్ వచ్చింది, సంతోషమే. అయితే కుట్టు మిషన్లు వస్తే సరిపోదని నా అభిప్రాయం: నూలుకూ చొక్కాకూ నడుమ ఉండే నేత, అద్దకం, ఆ మురుగునీటి శుద్ధి ఇక్కడే జరగనంతకాలం, ఓడరేవుకు దూరమైన ఈ ఊరు రవాణా ఖర్చును రెండుసార్లు మోయాల్సిందే.