లెక్కలు రానోళ్ళ ట్యాక్స్

"తాతా, లాటరీ అంటే ఏంటో తెలుసా? లెక్కలు రానివాళ్ళు కట్టే ట్యాక్స్" అన్నది మా పెద్దది, మా నాయినతో. పోయిన జూన్‌లో, నల్గొండ జిల్లా చండూరు దగ్గర మా ఊళ్ళో, వేపచెట్టు కింద. ఆ మాట దాని సొంతం కాదు. అట్లాంటాలో వాళ్ళ స్టాటిస్టిక్స్ టీచర్ క్లాసులో వేసే జోకు. అక్కడ ఇంగ్లీషులో విన్నప్పుడు నేను కూడా నవ్వాను. ఇక్కడ తెలుగులో, అదీ మా నాయిన ముందర వినేసరికి నవ్వు రాలేదు. దానికి తెలియని సంగతి నాకు తెలుసు కాబట్టి.

నాయిన నొచ్చుకున్నట్టు కనబడలేదు. మంచంలో లేచి కూర్చున్నాడు. "ముప్పై రెండు వేల ఐదునూర్లు. నూటికి మూడ్రూపాల మిత్తి. ఏడాది మీద మూడు నెలలు. ఎంతయితది బిడ్డా?" అన్నాడు.

పెద్దది నా వైపు చూసింది. మిత్తి అంటే వడ్డీ అని, మూడు రూపాయలంటే నెలకు అని చెప్పాను. అది ఫోన్ తీసి క్యాలిక్యులేటర్ వెతుక్కునేలోపే ఆయన "పద్నాలుగు వేల ఆర్నూట ఇరవై ఐదు" అని, వక్క నోట్లో వేసుకున్నాడు. ఫోన్‌లోనూ అదే వచ్చింది. పెద్దది లెక్క సంగతి వదిలేసి ఇంకో దగ్గర ఆగిపోయింది. "నెలకు మూడంటే ఏడాదికి ముప్పై ఆరు పర్సెంటా? ఇది లీగలేనా అమ్మా?"

"ఇప్పుడు చెప్పు, నాకు లెక్కలు రావా?" అన్నాడు నాయిన. "నేను టికెట్లు కొన్నోణ్ణే."

తమ్ముడి కొడుకును లోపలికి పంపి ఇనుప పెట్టెలో నుంచి కట్ట తెప్పించాడు. రబ్బరు బ్యాండు ఎండిపోయి, ముట్టుకోగానే రెండు ముక్కలైంది. నలభై దాకా ఉంటాయి టికెట్లు. పోస్ట్‌కార్డులో సగమంత సైజు, అంచులకు పసుపు పట్టింది. ఒకదాని మీద లక్ష్మీదేవి, ఒకదాని మీద గుడి గోపురం, ఒకదాని మీద ఉత్త అంకెలు. వెనక నీలం ఇంకుతో ఏజెంట్ ముద్ర. సిక్కిం, నాగాలాండ్, భూటాన్. మా చిన్నోడికి పదకొండేళ్ళు, జాగ్రఫీ పిచ్చి. "భూటాన్ వేరే కంట్రీ కదా. వాళ్ళ లాటరీ నల్గొండలో ఎందుకు అమ్మారు?" అని అడిగాడు. ఎవరి దగ్గరా జవాబు లేదు. నిజానికి మంచి ప్రశ్న. ఎక్కడి ప్రభుత్వం ఖజానా నింపుకోవడానికో, గడియారం సెంటర్‌లో మైకు పెట్టి "రేపే డ్రా, రేపే డ్రా" అని అరిచేవాళ్ళు. వరి అమ్మడానికి, విత్తనాలు కొనడానికి వచ్చిన రైతు జేబులో నుంచి రూపాయి, రెండు రూపాయలు అట్లా పోయేవి.

"తెలిసీ ఎందుకు కొన్నావు తాతా?" అన్నది పెద్దది. ఈసారి గొంతులో జోకు లేదు.

ఆ సంవత్సరాల్లో మాకు రెండు బోర్లు ఫెయిలైనాయి. మా వైపు నీళ్ళు పడటమే గగనం, పడితే ఫ్లోరైడ్. నీళ్ళు చూసే ఆయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చెలక అంతా తిరిగేవాడు. కాయ లేచి నిలబడ్డ చోట సున్నం గుర్తు పెట్టేవాళ్ళు. రాత్రంతా బండి మోత. నేను, తమ్ముడు నిద్రపోకుండా గట్టు మీద కూర్చునేవాళ్ళం. తెల్లారేసరికి చెట్ల ఆకుల మీద, మా అమ్మ జుట్టు మీద తెల్లటి దుమ్ము. నీళ్ళు లేవు. డబ్బు మాత్రం నూటికి మూడు రూపాయల మీద తెచ్చింది.

"బోరు కంటే టికెట్ నయం గదా. పోతే రూపాయే పోతది" అన్నాడు నాయిన. కాసేపాగి, "అప్పిచ్చినాయన వాకిట్ల నిలబడితే వచ్చే వారం ఇస్త అనాలె. ఉత్తగ అంటే అబద్ధం. జేబుల టికెట్ ఉంటే అబద్ధం గాదు, వచ్చే వారం డ్రా ఉన్నది గద" అన్నాడు.

ఇన్నేళ్ళలో ఈ మాట నేను ఎప్పుడూ వినలేదు. మా అమ్మ ఆ టికెట్ల గురించి తిడుతుంటే విన్నాను, అంతే.

మధ్యలో తమ్ముడు వచ్చి కూర్చున్నాడు. ఇప్పుడు మన దగ్గర ఆ టికెట్ల బాధ లేదని వాడి వాదన. ఒక విధంగా నిజమే. 1998లో కేంద్రం చట్టం తెచ్చి సింగిల్ డిజిట్ లాటరీలు వద్దన్నది, ఒక లాటరీకి వారానికి ఒక డ్రా దాటొద్దన్నది, బయటి రాష్ట్రాల టికెట్లను ఆపుకునే హక్కు రాష్ట్రాలకు ఇచ్చింది. తమిళనాడు 2003లో మొత్తానికే బంద్ పెట్టింది. కేరళ 1967లో మొదలుపెట్టినది ఇప్పటికీ నడుపుతోంది. తెలంగాణ 2017లో డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని కూడా ఆపింది.

"మరి వైన్స్ టెండర్ ఏంటి మామా?" అన్నది పెద్దది. ముందు రోజు రాత్రి వాడు చెప్పుకుని బాధపడిన కథ అది. 2023లో రాష్ట్రంలో 2,620 మద్యం దుకాణాలకు డ్రా తీశారు. ఒక్కో అప్లికేషన్‌కు 2 లక్షలు, రాకపోతే తిరిగివ్వరు. మా తమ్ముడు, ఇంకో ఎనిమిది మంది కలిసి ఒక అప్లికేషన్ వేశారు. వీడి వాటా కోసం మరదలి గొలుసు బ్యాంకుకు పోయింది. అప్లికేషన్లు 1,31,000 దాటాయి. అంటే ఒక్క దుకాణం తెరవకముందే, ఒక్క సీసా అమ్మకముందే సర్కారుకు 2,600 కోట్ల పైన వచ్చింది.

"అది బిజినెస్ బిడ్డా, లాటరీ గాదు."

"చీటీ తీస్తారు కదా?"

"తీస్తరు."

పెద్దది వేపపుల్లతో నేల మీద లెక్క వేసింది. దుకాణానికి యాభై అప్లికేషన్లు, అంటే ఒక్క దుకాణం మీద కోటి రూపాయలు. "రెండేళ్ళలో కోటి కంటే ఎక్కువ మిగిలితే మామ టికెట్ మంచిదే" అన్నది సీరియస్‌గా. తమ్ముడికి ఆ ఒక్క మాట చాలు. చూసినవా అన్నట్టు మరదలి వైపు తిరిగాడు. మరదలు లేచి లోపలికి పోయింది. 2025లో అప్లికేషన్ ఫీజు 3 లక్షలు చేశారు. వీడు మళ్ళీ వేశాడని నాకు తర్వాత తెలిసింది.

ఇక నేను దాచిన సంగతి.

పెద్దదానికి మూడేళ్ళప్పుడు, చేతిలో గ్రీన్‌కార్డు వచ్చి ఉద్యోగం ఇంకా రాని రోజుల్లో, అట్లాంటా శివార్లలో తెలిసినవాళ్ళ గ్యాస్ స్టేషన్‌లో ఏడాదిన్నర కౌంటర్ దగ్గర నిలబడ్డాను. సిగరెట్లు, పాలు, లాటరీ. సగం పని లాటరీయే. జార్జియాలో క్యాష్ త్రీ అని ఒక ఆట ఉంది. మూడంకెలు చెప్పాలి. డ్రా రోజుకు మూడుసార్లు, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి. డాలర్ పెట్టి మూడంకెలూ వరుసలో తగిలితే 500 డాలర్లు. తగిలే అవకాశం వెయ్యిలో ఒకటి.

ఇది చెప్పినప్పుడు నాయిన లెక్కకు పుల్ల కూడా పట్టుకోలేదు. "వెయ్యి మంది రూపాయి ఏస్తే ఒకనికి ఐదునూర్లు. కడమ ఐదునూర్లు దుకాణమోనికి, సర్కారుకు. మా కల్లు దుకాణమాయన గూడ ఇంత మిగుల్చుకోడు గదనే" అన్నాడు.

పెద్ద బహుమతి పవర్‌బాల్ సంగతి చెబితే నమ్మలేదు. అందులో 29 కోట్ల 22 లక్షల్లో ఒకటి అవకాశం. 2011 లెక్కల్లో తెలంగాణ జనం మూడున్నర కోట్లు. అట్లాంటి తెలంగాణలు ఎనిమిది పక్కపక్కన పెట్టి, అందరిలో నుంచి కళ్ళు మూసుకుని ఒక్కణ్ణి పట్టుకోవడం. కానీ మా కౌంటర్ దగ్గర రోజూ వచ్చేవాళ్ళు పవర్‌బాల్ కోసం రారు. అది పేపర్లో పడ్డప్పుడు కారు దిగి, నవ్వుకుంటూ ఒకటి కొనుక్కుపోయే మాలాంటివాళ్ళది. రోజువారీ జనానిది క్యాష్ త్రీ, గీకే టికెట్లు.

ఒక పెద్దాయన వచ్చేవాడు. పెయింట్ పని. బూట్ల మీద ఎప్పుడూ తెల్లటి చుక్కలు. పొద్దున ఆరున్నరకు కాఫీ, క్యాష్ త్రీలో 4-1-7. వాళ్ళమ్మ పుట్టినరోజట. మూడు డ్రాలకూ మూడు డాలర్లు ఒకేసారి ఇచ్చేవాడు, శుక్రవారం ఇంకో ఐదు. ఒకసారి తగిలింది. ఇరవై డాలర్ల నోట్లు ఇరవై ఐదు లెక్కపెట్టి నేనే ఇచ్చాను. ఒకటి తీసి నా ముందు పెట్టాడు, వద్దంటే వినలేదు. తర్వాత నెలల్లో ఆ 500 అదే కౌంటర్ మీద నుంచి మళ్ళీ లోపలికి రావడం కూడా నేనే చూశాను.

బేబీ సిట్టర్ రాని రోజు పెద్దదాన్ని స్టూల్ మీద కూర్చోబెట్టుకునేదాన్ని. ఆయన టికెట్ తీసుకుంటూ దాన్ని చూసి, "బాగా చదువుకో, నీ కాలేజీ ఫీజు నేను కడుతున్నా" అనేవాడు. సరదా మాటే, కానీ అబద్ధం కాదు. జార్జియా లాటరీ 1993లో మొదలైంది. దాని మిగులంతా చదువులకే. నాలుగేళ్ళ పిల్లలకు ప్రీ-కే అనే ఉచిత బడి, హైస్కూల్లో మంచి గ్రేడ్లు తెచ్చుకున్నవాళ్ళకు హోప్ స్కాలర్‌షిప్. పెద్దది ఆ ప్రీ-కేలోనే ఏబీసీడీలు దిద్దింది. వచ్చే ఏడాది కాలేజీలో చేరితే ట్యూషన్ ఫీజు కట్టేదీ ఆ డబ్బే.

ఈ స్కాలర్‌షిప్ గురించి మన వాట్సాప్ గ్రూపుల్లో తెలియని తల్లి లేదు. గ్రేడ్ల సగటు, అంటే జీపీఏ, 3.0 ఉంటే హోప్, 3.7 ఉండి కాలేజీల కోసం రాసే ఎస్ఏటీ పరీక్షలో స్కోరు కూడా ఉంటే దాని పై మెట్టు, జెల్ మిల్లర్. 3.68 దగ్గర ఆగిన పిల్ల ఇంట్లో చావు ఇల్లులా ఉంటుంది, టెన్షన్ అంత. మొదట్లో దీనికి కుటుంబ ఆదాయం 66,000 డాలర్లు దాటకూడదని హద్దు ఉండేది. తర్వాత పెంచారు, 1995లో పూర్తిగా తీసేశారు. ఆ హద్దు ఇవాళ ఉంటే ఇద్దరం ఐటీలో ఉన్న మా ఇంటికి ఒక్క డాలరు రాదు. గ్రూపులో ఇన్ని మాట్లాడుకుంటాం, డబ్బు ఎవరి జేబులోది అని ఎవరమూ అడగం. నేను కూడా అడగలేదు. తెలిసి కూడా. గ్యాస్ స్టేషన్‌లో పనిచేశానని చెప్పుకోవడం నామోషీ అనిపించి, పిల్లలకు "స్టోర్‌లో చేశాను" అంటూ వచ్చాను. అట్లా అది టీచర్ జోకు మోసుకుని వాళ్ళ తాత దగ్గరకు వచ్చింది.

ఆ రాత్రి డాబా మీద పడుకున్నప్పుడు చెప్పాను, మొత్తం. పెద్దది చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే నేను తీసుకోను" అన్నది. పదిహేడేళ్ళు కదా.

పక్క మంచంలో నాయిన నిద్రపోయాడనుకున్నాం. "నువ్వు ఇడిసిపెడితే ఆయన పైసలు ఆయనకొస్తయా?" అన్నాడు చీకట్లో.

"రావు."

"మరి ఎవనికి పోతయి?"

"ఇంకో స్టూడెంట్‌కు."

"ఆ పిల్లగాడు పెయింటాయన కొడుకా?"

దానికి జవాబు లేదు. ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఆ గ్రేడ్లు రావాలంటే ట్యూషన్లు, నిశ్శబ్దంగా ఉండే గది, సాయంత్రం ఇంట్లో ఉండే తల్లి కావాలి. అవి మా ఇంట్లో ఉన్నాయి. ఇది కూడా ఆ చీకట్లోనే ఒకరికొకరం చెప్పుకున్నాం, సగం తెలుగు, సగం ఇంగ్లీషు. నాయినకు ఎంత అర్థమైందో. "గా సర్కారు బాకా ఊదుకుంట అమ్ముడేంది" అని మాత్రం రెండుసార్లు అన్నాడు. "మట్కాగాడు దొంగచాటుగ రాసుకుంటడు. వానికన్న సిగ్గుంటది." ఆయన కోపం కొన్నవాళ్ళ మీద కాదు, ఆ పూటంతా ఒక్కసారి కూడా.

పొద్దున పెద్దది టికెట్లన్నీ మంచం మీద పరిచి ఫొటోలు తీసింది. ఒకటి మిగతావాటిలా చిరగలేదు, మడత కూడా లేదు. "ఇదేంటి తాతా, కొత్తగా ఉంది?"

"అది చూసుకోలే. ఆ వారం మూడో బోరు ఏస్తున్నం, పేపర్ కోసం ఎవరు పోతరు? నీళ్ళు పడ్డయి. ఇగ దాని సంగతే మర్సిపోయిన."

చిన్నోడు అప్పటికే నంబర్ ఫోన్‌లో కొడుతున్నాడు, పాత రిజల్ట్స్ ఎక్కడైనా ఉంటాయేమోనని. నాయిన చెయ్యి చాపి టికెట్ తీసుకున్నాడు. "వద్దు నాయినా, ఉండనీ" అన్నాడు.

రబ్బరు బ్యాండు తెగిపోయింది కదా. పెద్దది జడకున్న నల్ల బ్యాండు లాగి, కట్టకు రెండు చుట్లు వేసి ఇచ్చింది. ఆయన దాన్ని అటూ ఇటూ సాగదీసి చూశాడు. "ఇది ఎంతకొచ్చె?" అన్నాడు.