కాసుల లెక్క రాసిన నోటుపుస్తకం

మా అమ్మాయి పెళ్ళికి పెట్టిన బంగారం లెక్కంతా నా భార్య ఒక పొడుగాటి నోటుపుస్తకంలో రాసి ఉంచింది. హారం ఎనిమిది కాసులు, వంకీ నాలుగు, నల్లపూసలు రెండు, ఆడపడుచు లాంఛనం కింద ఇచ్చిన గొలుసు విడిగా, పసుపు బొట్టు పెట్టిన మొదటి పేజీ నుంచి అన్నీ వరుసగా ఉన్నాయి. అమ్మాయి విడాకులకు సిద్ధపడినప్పుడు నేను మొదట చేసిన పని ఆ పుస్తకం పట్టుకుని లాయరు గారి దగ్గరికి వెళ్ళడం. పెట్టినవాణ్ణి నేను కాబట్టి తిరిగి అడగవలసిందీ నేనే అనుకున్నాను.

ఆయన పేజీలన్నీ ఓపికగా తిప్పి చూసి, "అడగవలసింది మీరు కాదండీ, అమ్మాయిగారు" అన్నారు. స్త్రీధనం పూర్తిగా ఆమె సొత్తని సుప్రీంకోర్టు 1985లోనే తేల్చింది. అమెరికాలో విడాకులు తీసుకుని మళ్ళీ పెళ్ళి చేసుకున్న కూతురి బంగారం కోసం ఒక తండ్రి పాత వియ్యాలవారి మీద పెట్టిన కేసు తెలంగాణ నుంచి అదే కోర్టుకు వెళ్ళగా, కూతురు అధికారం ఇవ్వనిదే తండ్రికి ఆ హక్కు లేదని చెప్పి 2024 ఆగస్టులో కొట్టివేశారు. పెళ్ళి కానుకల జాబితా మీద వధూవరులిద్దరూ సంతకాలు చేయాలని 1985 నాటి నిబంధనలు చెబుతున్నాయట. మా పుస్తకంలో సంతకం ఒక్కటీ లేదు. నగదుగా ఇచ్చినదాని గురించి నేను ఎత్తబోతే, కట్నం తీసుకోవడమే కాదు, ఇవ్వడం కూడా 1961 నుంచి నేరమేనని ఆయన గుర్తు చేశారు. తల వంచుకోవడం తప్ప నేను చేయగలిగింది లేదు.

అంతకుముందే పెద్దమనుషులు రెండుసార్లు కూర్చున్నారు. స్టాంపు కాగితం మీద రాసుకుంటే సరిపోతుందని కొందరన్నారు గానీ, తమ కులంలో అటువంటి ఆచారం ఉందని రుజువు చేయగలిగినవారికి తప్ప హిందువులకు ఆ కాగితంతో వివాహం రద్దు కాదు. ఆ ధైర్యంతో మళ్ళీ పెళ్ళి చేసుకున్నవారు తర్వాత చిక్కుల్లో పడతారు. పరస్పర అంగీకారంతో విడిపోవాలంటే కనీసం ఏడాది విడిగా ఉండి, ఇద్దరూ కలిసి పిటిషన్ వేసి, ఆరు నెలల తర్వాత, పద్దెనిమిది నెలలు దాటకుండా మళ్ళీ కోర్టు ముందుకు రావాలి. పరిస్థితులను బట్టి ఆ ఆరు నెలల గడువును కోర్టు సడలించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది.

బంధువులు మాత్రం వేరే దారి చూపించారు. "వేధింపుల కేసు పెట్టి, అందులో ఆడపడుచు పేరు కూడా రాయించు బావా, అప్పుడు దిగి వస్తారు" అని నా బావమరిది పట్టుబట్టాడు. నేను ఊగిసలాడిన మాట నిజం. అమ్మాయి ఒప్పుకోలేదు. "ఆమె నన్ను ఏనాడూ ఒక్క మాట అనలేదు నాన్నా" అన్నది. నిజంగా దెబ్బలు తిన్న ఆడపిల్లకు ఆ వేధింపుల చట్టం అండగా ఉండి తీరాలి. అందుకే దానిని బేరానికి వాడకూడదని నేను నమ్ముతున్నాను. నిర్దిష్టమైన ఆరోపణ లేకుండా భర్త బంధువులందరినీ కేసులోకి లాగడం తగదని 2024 డిసెంబరులో, మళ్ళీ తెలంగాణ నుంచి వెళ్ళిన కేసులోనే, సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది.

అన్నిటికంటే కష్టమైనది మనవరాలి విషయం. దానికి అప్పటికి నాలుగేళ్ళు. అయిదేళ్ళ లోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని 1956 నాటి చట్టం చెబుతుంది గానీ, అన్నిటికీ మించి చూడవలసింది బిడ్డ క్షేమమేనని కూడా అదే చట్టంలో ఉంది. తండ్రి కలుసుకునే శనివారం నాడు కోర్టు ఆవరణలోని గదికి వాళ్ళ నానమ్మ స్టీలు డబ్బాలో సున్నుండలు తెచ్చింది. తినవద్దని చెప్పాలని నా నోటిదాకా వచ్చింది. పిల్ల ఒకటి సగం కొరికి, మిగతా సగాన్ని "పట్టుకో తాతా" అని నా చేతిలో పెట్టి, నానమ్మ ఒడిలో ఎక్కి కూర్చుంది. నెయ్యి వేళ్ళకు అంటుకున్న ఆ సగం ఉండను పట్టుకుని గంటసేపు నిలబడ్డాను. వియ్యపురాలు, నేను ఆ రోజు ఒకరినొకరం పలకరించుకోలేదు. తర్వాతి శనివారం పలకరించుకున్నాం.

ఒప్పందంలో ప్రతి నగ పేరూ, తూకమూ, తిరిగి ఇచ్చే తేదీ, బడి ఫీజు ఎవరు కట్టాలి, పండుగలకు పిల్ల ఎక్కడ ఉండాలి అన్నవన్నీ రాయించాం. బిడ్డకు రావలసిన మనోవర్తిని తల్లి వదులుకుంటున్నట్టు రాసినా అది బిడ్డను కట్టిపడేయదని లాయరు గారు చెప్పడంతో ఆ మాట తీసివేయించాం. చివరి వాయిదా నాడు జడ్జి గారు వాళ్ళిద్దరినీ మాత్రమే అడిగారు. నేను వరండాలో ఉన్నాను.

నగలు వచ్చిన రోజున అమ్మాయి ఆ నోటుపుస్తకం అడిగి తీసుకుని, ఒక్కొక్క వరుసకూ తనే టిక్కు పెట్టింది. నల్లపూసల దగ్గర ఆగి, "ఇవి నా బీరువాలోనే ఉన్నాయి నాన్నా" అన్నది. ఆడపడుచు గొలుసు వరుసను ఖాళీగా వదిలి పుస్తకం మూసింది. నేను అడగలేదు.